అక్షరాలు వచ్చినా మాట దగ్గర ఆగిపోయే పిల్లలకు ఏం నేర్పాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ సమావేశ గదిలో శని, ఆదివారాల్లో తెలుగు తరగతి నడుపుతున్నాను. మూడు నుంచి ఐదో తరగతి వరకు చదివే ఆరుగురు పిల్లలు వస్తారు. బడిలో వాళ్ళకు ఇంగ్లీషు, కన్నడం ఉన్నాయి. తెలుగు ఇంట్లో మాట్లాడతారు. వర్ణమాల, గుణింతాలు తప్పు లేకుండా అప్పజెబుతారు. పుస్తకం ఇస్తే మాత్రం మొదటి అక్షరం చూసి ఏదో ఒక మాట అనేస్తారు, లేదా నా ముఖం చూస్తారు. నేను చెబితే తిరిగి అంటారు కాని వచ్చే వారానికి కథ మళ్ళీ మొదటికే వస్తుంది. బొమ్మల అట్టలతో మాటలను మొత్తంగా గుర్తు పెట్టించమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబంలోని ఒక బాబు ‘ఎక్కడికి’ అని ఉన్నచోట ‘యాడికి’ అని చదువుతాడు. అది తప్పని దిద్దాలా? ఇలాంటి పిల్లలకు మాటను గుర్తుపట్టే పద్ధతులు ఏ వరుసలో నేర్పాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, బెంగళూరు

సమాధానం: మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పిల్లలు గుణింతాలు తప్పు లేకుండా అప్పజెప్పగలిగినా మాట దగ్గర ఆగిపోతున్నారన్న విషయం. అప్పజెప్పడం వరుసను గుర్తుపెట్టుకునే పని, చదవడం వరుసతో సంబంధం లేకుండా ఎదురైన అక్షరాన్ని అక్కడికక్కడే పోల్చుకునే పని. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో తెలుసుకోవాలంటే వచ్చే శనివారం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, ‘కొ’, ‘తే’, ‘మూ’, ‘రి’ అని వరుస తప్పించి రాసి చూపించండి. కొందరు వెంటనే చెబుతారు. కొందరు పెదవులు కదుపుతూ, వేళ్ళు మడుస్తూ, ‘క తలకట్టిస్తే క, క దీర్ఘమిస్తే కా’ అని మొదటినుంచి లోలోపల చదువుకుంటూ వచ్చి ‘కొ’ దగ్గర ఆగుతారు. నాలుగు అక్షరాల మాటలో ప్రతి అక్షరానికీ ఇంత ప్రయాణం చేయవలసిన పిల్లవాడికి, మూడో అక్షరం చేరేసరికి మొదటిది జారిపోతుంది. అప్పుడు అతను మొదటి అక్షరాన్ని పట్టుకుని ఊహించడం తప్ప వేరే దారి ఉండదు. మీరు చూస్తున్నది సోమరితనం కాదు, శ్రద్ధ లేకపోవడం కూడా కాదు.

ఇందులో మీ బోధన లోపమూ లేదు. కన్నడ పిల్లల చదువు మీద బెంగళూరులో పరిశోధన చేసిన సోనాలీ నాగ్, 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు అక్షరాలతో పోలిస్తే కన్నడ అక్షరాలన్నీ పట్టుబడడానికి చాలా ఎక్కువ కాలం పడుతుందని, నాలుగో తరగతిలో కూడా ఆ నేర్పు ఇంకా కొనసాగుతూనే ఉంటుందని చూపించారు. తెలుగు లిపి నిర్మాణం కూడా అదే. ఒక్కొక్క హల్లుకు పన్నెండుకు పైగా గుణింత రూపాలు, వాటి మీద ఒత్తులు కలిస్తే కంటికి కొత్తగా కనిపించే రూపాలు వందల్లోకి వెళ్తాయి. వారానికి రెండు రోజులు మాత్రమే తెలుగు అక్షరం చూసే పిల్లలకు ఇది ఏళ్ళు పట్టే పని అని మీరూ, వాళ్ళ తల్లిదండ్రులూ ముందే ఒప్పుకోవడం మంచిది.

ఇక స్నేహితురాలి సలహా. మాటలను బొమ్మలా మొత్తంగా గుర్తు పెట్టించడాన్ని ప్రధాన పద్ధతిగా తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ పొంతన లేని మాటలు కొన్ని ఉన్నాయి కాబట్టి వాటిని అలా గుర్తు పెట్టించడంలో అర్థముంది. ఆ భాషలో కూడా అక్షరధ్వనులను క్రమపద్ధతిలో నేర్పడం మేలు చేస్తుందని అమెరికాలో 2000లో వెలువడిన జాతీయ పఠన మండలి నివేదిక తేల్చింది. తెలుగులో రాసినదే పలుకుతాం. పైగా తెలుగు మాట ఒకే రూపంలో నిలబడదు. ‘ఇల్లు’ అన్న అట్టను బొమ్మతో సహా గుర్తుపెట్టుకున్న పాపకు కథలో ‘ఇంటికి’, ‘ఇంట్లో’, ‘ఇళ్ళు’, ‘ఇంటివాళ్ళు’ ఎదురవుతాయి, అసలు ‘ఇల్లు’ అరుదుగా కనిపిస్తుంది. ఆ అట్టలు దేనికి పనికివస్తాయో కింద చెబుతాను, వాటిని పారేయకండి.

మొదటి రెండు వారాలు కొత్తగా ఏమీ నేర్పకుండా, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో రాసుకోవడానికి వెచ్చించండి. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న ఆసర్ సర్వేలో వాడే చదువు పరీక్ష తెలుగులో కూడా ఉంది. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అన్న మెట్ల మీద ఒక్కొక్క పిల్లవాడిని విడిగా చదివించి ఎక్కడ ఉన్నాడో కొద్ది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. అది పిల్లలను విభజించుకోవడానికి చాలు, కాని పాఠం తయారు చేసుకోవడానికి చాలదు. అందుకోసం ఒక నోటుపుస్తకంలో పిల్లవాడి పేరు కింద రెండు నిలువు గళ్ళు గీసి, ఒకదానిలో పుస్తకంలో ఉన్న మాట, రెండోదానిలో అతను పలికిన మాట ఉన్నదున్నట్టు రాయండి. ‘చదివాడు’, ‘చదవలేదు’ అన్న గుర్తులు మీకేమీ చెప్పవు. ‘తేలు’ను ‘తెలు’ అన్నవాడికి, ‘పుస్తకం’ను ‘పుసతకం’ అన్నవాడికి, ‘కాలువ’ను ‘కాకి’ అన్నవాడికి కావలసిన సహాయం వేరు వేరు. మొదటివాడికి హ్రస్వదీర్ఘాల భేదం కంటికి ఆనడం లేదు, రెండోవాడికి ఒత్తు కలపడం రావడం లేదు, మూడోవాడు మాటను చూడటమే మానేశాడు. ఆరుగురే ఉన్నారు కాబట్టి మీరు దీన్ని చేయగలరు. నలభై మంది ఉన్న తరగతి ఉపాధ్యాయులకు ఈ వెసులుబాటు లేదు.

మీ పిల్లల తప్పుల్లో కొన్నింటికి మూలం కన్నడంలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. కర్ణాటకలో 2015 నాటి చట్టం వల్ల బడిలో కన్నడం తప్పనిసరి కాబట్టి, వాళ్ళ కన్ను వారమంతా కన్నడ అక్షరాలకు అలవాటు పడుతుంది. రెండు లిపులూ చాలావరకు ఒకేలా ఉండడం పెద్ద సహాయం, తేడా ఉన్నచోటే తిరకాసు. కన్నడంలో గుడిదీర్ఘానికి, ఏత్వానికి, ఓత్వానికి దీర్ఘపు గుర్తు అక్షరానికి కుడిపక్కన విడిగా వస్తుంది. తెలుగులో అదే దీర్ఘం అక్షరం తల మీద చిన్న మెలికగా ఉంటుంది. కుడిపక్కన వెతికే కన్నుకు అది కనిపించక ‘తేలు’ ‘తెలు’ అవుతుంది. అలాగే కన్నడంలో ‘సూర్య’ రాసేటప్పుడు యకారం ముందు రాసి, రకారపు గుర్తును దాని తర్వాత పెడతారు. పాత తెలుగు పుస్తకాల్లోని వలపలగిలక అదే. ఇప్పటి తెలుగులో రకారం కింద యవత్తు ఇస్తాం. ఈ రెండు తేడాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ‘కన్నడంలో ఇక్కడ, తెలుగులో ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించండి. పిల్లలు తమకు తెలిసిన లిపి ఆధారంగా నేర్చుకుంటారు, రెండూ కలగాపులగం అవుతాయేమోనని భయపడనక్కరలేదు.

ఇప్పుడు మీరు అడిగిన వరుస. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషి నుంచి వచ్చి, లెంజ్, హ్యూస్‌ల పేరుతో 1990లో ప్రచురితమైన ఒక పద్ధతి ప్రసిద్ధమైంది. చదవడంలో ఇబ్బంది పడే పెద్ద తరగతుల విద్యార్థుల కోసం చేసిన ఆ పద్ధతిలో ఏడు మెట్లున్నాయి: సందర్భాన్ని బట్టి చూడడం, మాట ముందున్న ముక్కను వేరుచేయడం, చివరి ముక్కను వేరుచేయడం, మిగిలిన దాన్ని పలకడం, పలకలేకపోతే దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేయడం, ఎవరినైనా అడగడం, నిఘంటువు చూడడం. పొడవైన మాటను భయపడకుండా విప్పుకోవచ్చన్న దాని మూలసూత్రం తెలుగుకు బాగా సరిపోతుంది. వరుస మాత్రం మన చిన్న పిల్లలకు అలాగే పనికిరాదని నా అభిప్రాయం. మీ పిల్లలు ఇప్పటికే సందర్భాన్ని బట్టి ఊహించడంలో ఆరితేరారు కాబట్టి దాన్ని మొదటి మెట్టుగా నేర్పితే ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. అర్థం సరిచూసుకోవడం చివరన రావాలి, మాటను పలికిన తర్వాత. తెలుగులో మాట ముందు చేరే ముక్కలు తక్కువ, చివర చేరేవి చాలా ఎక్కువ, కాబట్టి రెండో మెట్టును వదిలేయవచ్చు.

మొదట నేర్పవలసింది మాటను ఎడమనుంచి కుడికి పూర్తిగా చూడడం. ఒక అట్టముక్కతో మాటను మూసి, ఒక్కొక్క అక్షరం బయటపడేలా జరుపుతూ, పిల్లవాడు ప్రతి అక్షరాన్నీ వెనకటి దానికి కలుపుతూ పలకాలి: ‘పొ’, ‘పొలా’, ‘పొలాని’, ‘పొలానికి’. అక్షరాలన్నీ విడివిడిగా పలికించి చివర ఒకేసారి కలపమంటే మొదటివి మరిచిపోతారు. ఈ దశలో ఒత్తులు లేని వాక్యాలే ఇవ్వండి. ‘కోడి కూసింది. తాత లేచాడు. సీత కాలువ దాటి పొలానికి పోయింది.’ ఇలాంటివి మీరే రాసుకోవచ్చు. ఒకదానితో ఒకటి పొరబడే ‘ప–వ’, ‘మ–య’, ‘ద–ధ–థ’లను ఒకే రోజు నేర్పకండి. ఒకటి స్థిరపడ్డాక రెండోది తెచ్చి, అప్పుడు పక్కపక్కన పెట్టండి. ‘మొ’, ‘మో’, ‘యొ’, ‘యో’ రూపాలు మిగిలిన హల్లుల ఒత్వ, ఓత్వాలకు భిన్నంగా ఉంటాయి కాబట్టి వాటికి ప్రత్యేకంగా ఒక పాఠం కావాలి.

అసలు కష్టం ఒత్తుల దగ్గర. ‘స్నేహం’ అన్న మాటను ఒక పిల్లవాడి కళ్ళతో చూడండి. ఏత్వం సకారం నెత్తిన ఉంది, నవత్తు కింద ఉంది. కనిపించిన వరుసలో చదివితే ‘సేనహం’ అవుతుంది, చాలామంది పిల్లలు అలాగే చదువుతారు. అచ్చు గుర్తు పై హల్లుకు అంటుకుని ఉన్నా, దాని పలుకు కింది హల్లు తర్వాతే వస్తుందన్న సంగతి పెద్దలకు చెప్పకుండానే వచ్చేసినట్టు అనిపించడం వల్ల, మనం దాన్ని నోరు తెరిచి నేర్పం. వెనకబడిన పిల్లలకు దాన్ని చెప్పి తీరాలి. ‘వస్తున్నాడు’ దగ్గర బాబు ‘వసుతునాడు’ అన్నాడనుకోండి. ‘స్తు’ మీద మీ వేలు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. పైన ఏ హల్లు? ‘స’. దాన్ని పొల్లుగా అను. ‘స్’. కింద ఏ ఒత్తు? ‘త’. ఏ గుర్తు ఉంది? ‘కొమ్ము’. ఇప్పుడు కలుపు. ‘స్తు’. తర్వాత ‘న్నా’ దగ్గర మళ్ళీ అవే ప్రశ్నలు. మాట పూర్తయ్యాక దాన్ని ఇంట్లో మాట్లాడే వేగంతో ఇంకోసారి అనమనండి. పై హల్లు, కింది హల్లు, ఆపైన గుర్తు: ఈ వరుసను మీరు ఒక్క మాట కూడా మార్చకుండా ప్రతిసారీ అలాగే అడగాలి. కొన్నాళ్ళకు పిల్లలు మీ సాయం లేకుండా తమను తాము అడుగుకుంటారు.

ఒత్తులు మొదలుపెట్టడానికి చుట్టరికపు మాటలను మించినవి లేవు. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, తమ్ముడు, చెల్లి, పెద్దమ్మ అన్నీ ద్విత్వాలే, అన్నీ పిల్లలు రోజూ అనే మాటలే. అవి స్థిరపడ్డాక పద్యం, చక్రం, పుస్తకం వంటి సంయుక్తాలకు వెళ్ళండి. త, న, మ, య, ర, ల ఒత్తులు తమ హల్లును పోలి ఉండవు కాబట్టి వాటిని గుర్తుపట్టడానికే విడిగా సాధన కావాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంగ్లీషు తరగతుల్లో చూసి చాలామంది మాటలను చప్పట్లతో ముక్కలు చేయిస్తారు. చప్పట్లు కొడితే పిల్లలు సహజంగా ‘వస్–తున్–నా–డు’ అని విడగొడతారు, కాగితం మీద మాత్రం ‘వ–స్తు–న్నా–డు’ అని ఉంటుంది. చెవి చేసే ముక్కలూ కన్ను చూసే ముక్కలూ వేరైనప్పుడు వెనకబడిన పిల్లవాడు మరింత తికమకపడతాడు. ఒత్తులు కుదురుకునేదాకా చప్పట్లు వద్దు.

ఆ తర్వాతిది చివరి ముక్కను విప్పడం. ‘బడికి’, ‘బడిలో’, ‘బడినుంచి’, ‘బడిదాకా’ అని ఒకదాని కింద ఒకటి రాసి, మారనిది ఏమిటో, మారుతున్నది ఏమిటో పిల్లలచేతే గీత గీయించండి. క్రియలకు కూడా అంతే: ‘చదువుతున్నాడు’, ‘ఆడుతున్నారు’, ‘తింటున్నప్పుడు’. మీ స్నేహితురాలు చెప్పిన అట్టలు ఇక్కడ కావాలి. ‘న్నాడు’, ‘న్నారు’, ‘న్నప్పుడు’, ‘కోవాలి’, ‘లోనుంచి’ వంటి ముక్కలు వేల మాటల చివర మార్పు లేకుండా వస్తాయి కాబట్టి, వాటిని చూడగానే అనేలా అట్టల మీద సాధన చేయిస్తే, ‘చదువుకుంటున్నప్పుడు’ అనే మాట ముందు నిలువునా నీరుగారిపోయే పిల్లవాడికి చదవవలసింది సగమే మిగులుతుంది. ‘చెయ్యి–చేతిలో’, ‘గోరు–గోళ్ళు’, ‘ఇల్లు–ఇంటికి’ వంటి మాటల్లో చివర తీసేస్తే అసలు రూపం మిగలదు. వాటిని జంటలుగా రాసి గోడకు అంటించండి, సూత్రాలు చెప్పకండి. సంధి కలిసిన ‘అతనెక్కడున్నాడు’ వంటివి కూడా మొదట్లో ‘అతను ఎక్కడ ఉన్నాడు’ అని విడగొట్టి రాసి ఇవ్వండి. విడిగా ధారాళంగా చదవగలిగిన రోజున కలిపి రాసింది పక్కన చూపించవచ్చు.

పిల్లవాడు ఆగినప్పుడు మీరు ఏమి చేస్తారన్నది ఈ పద్ధతులన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. వెంటనే మాట అందించడం వల్లనే వాళ్ళు మీ ముఖం చూడడం నేర్చుకున్నారు. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. అప్పటికీ కదలకపోతే మాట చెప్పకుండా, ఎక్కడ చూడాలో చెప్పండి: ‘ఒత్తు చూడు’, ‘చివరి ముక్క మూసి చదువు’. తప్పు చదివితే ‘కాదు’ అనకుండా, ఆ అక్షరం కింద వేలు పెట్టి ‘ఇక్కడ మళ్ళీ చూడు’ అంటే చాలు. మిగతా పిల్లలు జవాబు అరిచేయకూడదన్న నియమాన్ని మొదటిరోజే పెట్టి, గట్టిగా పాటించండి. వేగంగా చదివే ఒక్క గొంతు, నెమ్మదిగా చదివే ముగ్గురి ప్రయత్నాన్ని ఆపేస్తుంది. అందుకే ఆరుగురినీ ఎప్పుడూ కలిపి కూర్చోబెట్టకుండా, తరగతిని బట్టి కాక తప్పుల తీరును బట్టి ముగ్గురేసి చేయండి. ముగ్గురు మీ దగ్గర చదువుతుంటే మిగతా ముగ్గురు ఆ రోజు మాటలనే ఒకరికొకరు డిక్టేషన్ చెప్పుకుని రాయాలి. రాసేటప్పుడు ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆలోచించిన చెయ్యి, చదివేటప్పుడు దాన్ని చూడమని కంటికి గుర్తుచేస్తుంది.

ఆ అనంతపురం బాబు సంగతి నాకు సంతోషం కలిగించింది. ‘ఎక్కడికి’ ఉన్నచోట ‘యాడికి’ అన్నవాడు అర్థాన్ని సరిగ్గా పట్టుకున్నాడు, దాన్ని తన ఇంటి మాటలో చెప్పాడు. దాన్ని తప్పుగా లెక్కపెట్టకండి, అందరి ముందు అసలే దిద్దకండి. అమ్మానాన్నల నోట వినే మాట తప్పని తెలుగు తరగతిలోనే విన్న పిల్లవాడు తెలుగు మీదే మనసు విరుచుకుంటాడు. అయితే అతను అక్షరాలు చదివి అర్థంలోకి మార్చుకున్నాడా, లేక చూడకుండా ఊహించాడా అన్నది తెలుసుకోవాలి. ‘అవును, మీ ఇంట్లో యాడికి అంటారు, పుస్తకంలో ఎలా రాశారో వేలు పెట్టి చదువు’ అనండి. అతను కూడబలుక్కుని ‘ఎక్కడికి’ అనగలిగితే ఏ లోటూ లేదు. అలాంటి పిల్లలకు వాళ్ళు చెప్పిన రెండు మూడు వాక్యాలనే మీరు రాసి, ‘మా అవ్వ యాడికో పోతాండాది’ అని వాళ్ళ మాటలోనే ఉంచి చదివించండి. తమకు తెలిసిన మాట కాగితం మీద ఎలా కనిపిస్తుందో చూడడం వాళ్ళకు గొప్ప ఊతం.

చదవడానికి కథలు కావాలంటే, బెంగళూరుకే చెందిన ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ మొదటి స్థాయి అంటే చిన్న వాక్యాలని అర్థం, ఒత్తులు లేని మాటలని కాదు. కాబట్టి ముందుగా మీరు చదివి ఎంచుకోండి. శనివారం చదివిన పేజీనే ఆదివారం మళ్ళీ చదివించండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే ఖాళీయే మీరు చెప్పిన మరపుకు ప్రధాన కారణం కనుక, అదే పేజీని రోజూ పది నిమిషాలు చదివి వాట్సాప్‌లో మీకు గొంతు పంపమని తల్లిదండ్రులను అడగండి. వాళ్ళు దిద్దనక్కరలేదు, పక్కన కూర్చుంటే చాలు.

ఇలా నాలుగైదు నెలలు పట్టుదలగా చేసినా ఒకరిద్దరిలో కదలిక లేకపోతే, ముందు కంటిచూపు, వినికిడి పరీక్షలు చేయించమనండి. బడిలో కన్నడం, ఇంగ్లీషుల్లో కూడా ఇదే ఇబ్బంది ఉందా అని కనుక్కోండి. ఒక్క తెలుగులోనే ఉంటే అది సాధన చాలకపోవడం. మూడు భాషల్లోనూ ఉంటే అది డిస్లెక్సియా, అంటే చదవడం నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది కావచ్చు, నిపుణులకు చూపించడం మంచిది. మెదడు, మానసిక ఆరోగ్య వైద్యసంస్థ నిమ్హాన్స్ మీ నగరంలోనే ఉంది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డిస్లెక్సియాను గుర్తించడానికి రూపొందించిన ‘డాలి’ పరీక్షలు కన్నడంలో, ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి మీ పిల్లలకు ఆ భాషల్లో పరీక్ష చేయవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది కాబట్టి, నిర్ధారణ అయితే బడి పరీక్షల్లో వెసులుబాట్లు అడిగే అవకాశం కూడా ఉంటుంది. మీరుగా ఏ పిల్లవాడికీ ఆ పేరు పెట్టకండి, మీ నోటుపుస్తకంలోని ఆ రెండు గళ్ళ నకలు మాత్రం తల్లిదండ్రుల చేతికివ్వండి. పరీక్ష చేసేవారికి అది చాలా ఉపయోగపడుతుంది. నివేదిక వచ్చేదాకా ఆ పిల్లవాడిని తరగతి మాన్పించవద్దు. అతనికి కావలసింది కూడా ఇదే బోధన, ఇంకా నెమ్మదిగా, ఇంకా ఎక్కువసార్లు.